కంతకు కాపలా గులాబీ

టీచరమ్మ పెరడు చూసినవాళ్లు దాన్ని తోట అనరు, సంత అంటారు. బంతి పక్కన వంకాయ, వంకాయ పక్కన కనకాంబరం, దాని నెత్తిన చిక్కుడు పందిరి, పందిరి కింద పుదీనా. వరసా లేదు, వావీ లేదు. ఏ మొక్కకు ఎక్కడ చోటు దొరికితే అది అక్కడ కూలబడింది. చుట్టూ నిలువెత్తు రాతిగోడ. ఆ గోడకు కొండవైపు ఓ కంత. మూడేళ్ల కిందటి వానకు రాళ్లు జారిపోయి పడిన కంత అది. పూడ్పించమంటే టీచరమ్మ వినదు. "అందులోంచే కదా నాకు కొండ కనబడేది!" అంటుంది.

ఆమెకు కొండ కనబడిన కంతలోంచే, కొండ మీదుండే నక్క దొరసామికి కోడి గూడు కనబడింది. నిరుడు ఓ మిట్టమధ్యాహ్నం, టీచరమ్మ కునుకు తీసే వేళ, వాడు లోపలికొచ్చి ఈరమ్మ పిల్లలు ఏడింటినీ మింగి, మూతి తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఈరమ్మ అంటే నల్లకోడి. మెడ మీద ఈకలు సగమే ఉంటాయి గానీ, నోరు మాత్రం నిండుగా ఉంటుంది. ఆమె ఏడవలేదంటే అబద్ధం చెప్పినట్టే. ఏడ్చింది, మూడు రోజులు గింజ ముట్టలేదు. నాలుగో రోజు లేచి ఒళ్లు దులుపుకుని, గడ్డి పోగేసుకుని, సరిగ్గా ఆ కంతకు ఎదురుగానే మళ్లీ గూడు చేసుకుంది.

"నీకేమైనా మతిపోయిందా అక్కా?" అన్నాడు గాడిద ఓబులయ్య. "వంటింట్లో బుట్ట ఉంది. హాయిగా అందులో పడుకోరాదూ!"

"నేనెందుకు పోవాలి?" అంది ఈరమ్మ. "ఈ మూల మా అమ్మ పొదిగింది, మా అమ్మమ్మ పొదిగింది. దొంగతనం చేసినవాడు దర్జాగా తిరుగుతుంటే, పిల్లల్ని పోగొట్టుకున్నదాన్ని నేను మూట సర్దుకోవాలా? ఇదెక్కడి న్యాయం?"

"న్యాయం సంగతి సరే, పళ్లు వాడికున్నాయి కదత్తా" అంది మేకపిల్ల చెంగి.

"ఉండనీ. చూద్దాం."

ఏం చూద్దామో అప్పటికి ఈరమ్మకూ తెలియదు. అంతలో టీచరమ్మ నర్సరీ నుంచి ఓ మొక్క తెచ్చింది. తీగ గులాబీ. అందులోనూ పొట్టి జాతి, ఎంత పెరిగినా ఓబులయ్య చెవులు దాటదట. కంతకు అటొక గుంజ, ఇటొక గుంజ పాతి, మధ్యలో వైరు లాగి, ఎడమ గుంజ మొదట్లో ఆ జానెడు మొక్కను నాటింది. చూసి చెంగి పకపకా నవ్వింది. "ఇదా కాపలా? నాకు ఒక్క బుక్క!"

"ముట్టుకున్నావంటే కళ్లు పొడుస్తా" అంది ఈరమ్మ. ఆ మాట సరదాకి అన్నది కాదు. చెంగి నవ్వు ఆపేసింది.

నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన నోరు ఊరుకోదు. ఎదురుగా పిల్లలు లేకపోతే కోడికైనా చెబుతుంది. కొమ్మలు కాస్త సాగాక, టీచరమ్మ వాటిని ఒక్కొక్కటే పక్కకు వంచి, అరటి నారతో వైరుకు కడుతూ చెప్పుకుపోయింది. "ఇది చిక్కుడు లాంటిది కాదే ఈరమ్మా. చిక్కుడు తనే మెలేసుకుని పాకుతుంది. దీనికి ఆ పని రాదు. మనం కడితేనే నిలుస్తుంది, వదిలితే వాలిపోతుంది. నిటారుగా కడితే నెత్తిన నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది. ఇలా అడ్డంగా పడుకోబెడితే కణుపు కణుపుకూ చిగురేస్తుంది, తెలిసిందా?"

ఈరమ్మకు తెలిసింది. ఆ రోజు నుంచి ఆమెకు అదే పని. మొక్క మొదట్లో మట్టి గీకి గుల్ల చేసింది. ఆకు మీద పచ్చపురుగు కనబడితే గుటుక్కుమనిపించింది. పచ్చి రెట్ట వేరును మాడుస్తుందని టీచరమ్మ అనగా విని, ఎంత అవసరమొచ్చినా పెరడు ఆ చివరికి పరుగెత్తేది. ఆ పరుగు చూసి ఓబులయ్య పడీపడీ నవ్వేవాడు. నవ్వుకోనీ, అనుకుంది ఈరమ్మ.

ఏడాది తిరిగేసరికి కంత నిండా అడ్డంగా కొమ్మలు, కొమ్మల నిండా కొక్కేల్లాంటి ముళ్లు, ముళ్ల మధ్య గుత్తులు గుత్తులుగా ఎర్రటి పూలు. ఈరమ్మ పదకొండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంది.

దొరసామి పద్దెనిమిదో రోజున వచ్చాడు. కంతలో మూతి పెట్టాడు, కుయ్యోమంటూ వెనక్కి తీశాడు. ముక్కు మీద రెండు గీతలు పడ్డాయి. అయినా వాడు ఊరికే పోయే రకమా? కంత అవతల జారిపడ్డ రాళ్ల మీదికెక్కి, తీరిగ్గా కూర్చుని, తియ్యటి గొంతు పెట్టాడు.

"చెంగి చెల్లెమ్మా, ఎంత పనైందమ్మా! రాజాలాంటి పూలమొక్కను రెక్కలు విరిచి పడుకోబెట్టారే! చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది."

"నీ కడుపు సంగతి మాకు బాగా తెలుసు!" గూట్లోంచే అరిచింది ఈరమ్మ. "మా పిల్లల్ని ఏడుగుర్ని దాచిన కడుపు!"

వాడు వినబడనట్టే ఓబులయ్య వైపు తిరిగాడు. "మామా, ఎండలో ఎన్నాళ్లు నిలబడతావు? దీన్ని పైకెత్తి గుంజకు కట్టారనుకో, అదే అల్లుకుంటూ పోయి నీకు పందిరేస్తుంది. నెత్తిన పూలు, కింద నీడ. పెళ్లికొడుకులా ఉంటావు."

పెళ్లికొడుకు అనేసరికి ఓబులయ్య చెవులు నిక్కాయి. "వాడన్నదాంట్లో తప్పేముందక్కా?" అన్నాడు.

"మరి కట్టు ఊడిపోతే?" అంది చెంగి.

దొరసామి నవ్వాడు. "పిచ్చి చెల్లెమ్మా! ఆ చిక్కుడు పాదును చూడు, ఎవరు కట్టారు దాన్ని? ఒక్కసారి ఎత్తి ఓ నార చుట్టండి చాలు. తెల్లారేసరికి అదే గుంజను పట్టేసుకుంటుంది. తీగ జాతి గుణమే అంత."

తిట్టడానికి నోరు తెరిచిన ఈరమ్మ ఆ మాట విని తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఓరి నీ తెలివి తెల్లారా, అనుకుంది. వీడికి మొక్కల గురించి తెలిసిందల్లా చిక్కుడు పాదేనన్నమాట!

"ఏమంటావక్కయ్యా?" అన్నాడు దొరసామి. "లేదంటే మర్యాదగా వంటింటి బుట్టలోకి మారిపో. ఎన్నాళ్లని ఇలా భయపడుతూ కూర్చుంటావు?"

"మారను. ఇది నా చోటు" అంది ఈరమ్మ. "మొక్క సంగతంటావా, ఇద్దరూ అంతగా ముచ్చటపడుతున్నారు కాబట్టి కానివ్వండి. రేపు పొద్దున్నే కడతారు."

వాడు తోకూపుకుంటూ కొండెక్కాడు. వాడు కనుమరుగయ్యాక చెంగి గూటి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "అత్తా! నువ్వా ఒప్పుకున్నది?"

"చెంగీ, నీ పళ్లు గట్టివేనా?"

"ఇనుప మేకైనా నమిలేస్తా!"

"మేకులొద్దు. అరటి నార చాలు." ఈరమ్మ ఇద్దర్నీ దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది. "ఈ గులాబీ దేన్నీ పట్టుకోదు. నార ఉన్నంతసేపే నిలబడుతుంది. నార తెగితే కొమ్మలన్నీ వచ్చి కంతలో పడతాయి. ఆ సమయానికి కంత ఇవతల ఎవడుంటాడో మీకు వేరే చెప్పాలా?"

ఓబులయ్య చెవులు వాలిపోయాయి. "పెళ్లికొడుకులా ఉంటానన్నది కూడా అబద్ధమేనా?" అన్నాడు. అంతలోనే గూటి వైపు చూశాడు. "సరే, గుడ్లైనా ముందు దాచెయ్యి. రేపో ఎల్లుండో పగిలే గుడ్లు. ఏదైనా తేడా వస్తే?"

ఈరమ్మ కడుపు కింద గుడ్లు వెచ్చగా తగులుతున్నాయి. ఒకదాంట్లో ఏదో కదిలినట్టు కూడా ఉంది. "దాస్తే వాడికి అనుమానమొస్తుంది. నేను లేచేది లేదు. ఏమైనా సరే, ఇక్కడే" అంది.

మర్నాడు పొద్దున టీచరమ్మ ఇంటిపనిలో ఉండగా చెంగి కట్లన్నీ కొరికేసింది. కొమ్ములతో కొమ్మల్ని ఎత్తి పట్టింది. ఓబులయ్య నార కొసను పంటితో లాగాడు. ముళ్లకు పెదవి చీరుకుపోయినా నార వదల్లేదు. కొమ్మలన్నీ చీపురుకట్టలా ఎడమ గుంజకు నిలబడ్డాయి, ఒకే ఒక్క నార మీద. కంత బోసిపోయింది. అందులోంచి కొండ మొత్తం కనబడుతోంది.

మధ్యాహ్నం టీచరమ్మ పెరట్లోకి తొంగి చూడకుండానే కునుకు తీసింది. దొరసామి దిగొచ్చాడు. నిలబడ్డ కొమ్మల్ని ఎగాదిగా చూసి, తన తెలివికి తనే మురిసిపోయి, ముందు కాళ్లు, ఆ తర్వాత నడుము, చివరికి తోక, మొత్తం లోపలికి తెచ్చేశాడు. చెంగి గుంజ పక్కన ఏమీ ఎరగనట్టు నార నములుతోంది. నార తడిసి సాగుతోందే గానీ తెగడం లేదు.

"ఇంకా లేవలేదా అక్కయ్యా?" అన్నాడు దొరసామి.

"లేవనని నిన్ననే చెప్పా కదా." ఈరమ్మ గుడ్లను రెక్కల కిందికి ఇంకాస్త లాక్కుంది. "ఎలాగూ చచ్చేదాన్ని, ఒక్క ప్రశ్న. చిక్కుడుకూ గులాబీకీ తేడా ఏంటి?"

"ఇదా నీ ఆఖరి ప్రశ్న? ఒకటి కూరలోకి, ఒకటి జడలోకి."

"అంతేనా నీకు తెలిసింది?"

టప్పున నార తెగింది. కొమ్మలన్నీ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. సగం కంతను మూసేశాయి, సగం దొరసామి నడ్డి మీద పడ్డాయి. వాడు ముందుకు దూకబోయాడు. ఎదురుగా ఓబులయ్య వీపు తిప్పి, వెనక కాళ్లు సవరించుకుంటూ నిలబడి ఉన్నాడు. పక్కకు తిరిగాడు. ముళ్లు ఇంకా లోతుగా దిగాయి.

"అక్కయ్యా! తప్పైపోయింది! కొమ్మలెత్తించు తల్లీ!"

"ఎందుకూ? తెల్లారేసరికి అదే గుంజను పట్టుకుంటుందన్నావుగా, అంతదాకా ఆగు" అంది ఈరమ్మ. ఇప్పుడు లేచింది, గుడ్ల మీంచి లేచి రెక్కలు విప్పి నిలబడింది. "నా ఏడుగుర్నీ తిన్నావు. నన్ను నా ఇంట్లోంచి పొమ్మన్నావు. వచ్చిన దారి అదిగో, అక్కడే ఉంది. పోరా!"

ఓబులయ్య ఒక్కటే తన్నాడు. మిగతాది ముళ్లు చూసుకున్నాయి. దొరసామి అరుపుకు టీచరమ్మ లేచొచ్చేసరికి, తోకలో సగం బొచ్చు కొమ్మలకు వదిలేసి వాడు కొండ సగం ఎక్కేశాడు.

"ఏం గాలో ఏమో, కట్లన్నీ తెంపేసింది" అని గొణుక్కుంటూ ఆమె మళ్లీ ఒక్కో కొమ్మనూ అడ్డంగా వంచి కట్టింది. ఎర్రబొచ్చు చేతికి తగిలితే చిరాగ్గా కింద పారేసింది. ఈరమ్మ దాన్ని ఒక్క పోగు కూడా వదలకుండా ఏరుకొచ్చి గూట్లో పరిచింది.

రెండు రోజులకు ఆ మెత్తటి పరుపు మీద పదకొండు పిల్లలూ కిచకిచమన్నాయి. ఓబులయ్య తొంగి చూసి, "ఇప్పుడైనా వంటింటి బుట్టలోకి మారతావా అక్కా?" అన్నాడు.

"దానికేం భాగ్యం, మారతాను" అంది ఈరమ్మ. "దొరసామి వచ్చి బతిమాలితే ఆలోచిస్తా."

నీతి: నీ చోటు వదిలి పొమ్మన్నవాడికి ముళ్లు చూపించు గానీ మూట సర్దకు.