రాగిరేకు మీద ఉమ్మి

పూర్వం ఆస్థాన వైద్యుడొకడు కుమ్మరి సాంబయ్య పుచ్చుపంటిలో నింపిన పాదరసపు ముద్దను పెరికి, ఒంట్లో విషం మిగిలిందంటూ నెల్లాళ్ళు గంజీ, తానమ్మే కషాయమూ తప్ప ముట్టనివ్వలేదు. సాంబయ్య సారె తిప్పలేనంత నీరసించాడు. వైద్యుడు వారంవారం అతనిచేత రాగిరేకు మీద ఉమ్మించి, బొటనవేలితో రుద్దేవాడు. పాదరసం అంటిన రాగిలా రేకు తెల్లబడేది.

"చూశావా, విషం! ఇంకో నెల తాగాలి."

వేలు తిరిగినచోటే తెల్లబడటం భార్య గవరమ్మ కనిపెట్టింది.

"అయ్యా, విషంలేని నోరెలా ఉంటుందో మేమెరగం. మీరూ ఉమ్మి చూపించండి."

"నా పళ్ళు ముత్యాలే!" అని వైద్యుడు గర్వంగా ఉమ్మి, అలవాటుగా అదే వేలితో రుద్దాడు. రేకు తళుక్కున తెల్లబడింది.

"అయ్యో, మీకూ ఎక్కింది బాబూ!" అంటూ గవరమ్మ కషాయపు ముంత అందించింది. "తాగండి. నెల్లాళ్ళు గంజే."

వైద్యుడు వాసన చూసి ముంత దించాడు.

"సాంబయ్యకు నయమైందమ్మా. అన్నం పెట్టు."