సుంకులమ్మ చుట్టుదోవ

గఫారు మండిపడుతూ వచ్చాడు. ఆ కోపంలో గుడిసె ముందు చెప్పులు విడవడం కూడా మరిచి, బాబా కుట్టుకుంటున్న బొంత మీద కాలు పెట్టేశాడు.

"బొంత దిగి మాట్లాడు నాయనా," అన్నాడు బాబా తల ఎత్తకుండానే.

హంద్రి ఏటి ఒడ్డున ఉండే ఆ ముసలి ఫకీరును చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బొంతల బాబా అనేవారు. ఎవరు ఏ పాతగుడ్డ తెచ్చిచ్చినా కాదనడు. అన్నీ కలిపి బొంత కుట్టి, చలికి వణికేవాళ్ళెవరైనా కనబడితే కప్పి పంపుతాడు. ఆయన మాట మీద ఊళ్ళవాళ్ళు గుడిసెకు కూతవేటు దూరంలో చిన్న బడి కట్టారు. ఆ బడికి బాబా పెట్టిన షరతు ఒక్కటే. వచ్చిన బిడ్డను వెనక్కి పంపగూడదు. తన శిష్యుడైన గఫారును అక్కడ అయ్యవారుగా కూర్చోబెట్టింది కూడా ఆయనే.

గఫారు చెడ్డవాడేం కాదు. పాఠం బాగా చెబుతాడు. కాకపోతే తన బడి అంటే వల్లమాలిన గర్వం. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దంగా ఉంటుందని సంతలో కనబడిన ప్రతివాడినీ ఆపి మరీ చెప్పేవాడు. ఆ గొప్పల్లో పడి, తను వచ్చింది ఉల్లిగడ్డల కోసమన్న సంగతి మరిచి ఉత్త చేతులతో ఇల్లు చేరిన రోజులూ లేకపోలేదు.

"ఆ సుంకులమ్మను ఇంటికి పంపించేస్తాను బాబా. ఇంక నా వల్ల కాదు."

"ఏం చేసింది?"

"నీళ్ళ గంట కొడితే పిల్లలంతా ఏటి ఇసుకలో తవ్విన చెలమకు పోయి, తాగి, ఇట్టే వచ్చేస్తారు. ఈ పిల్ల మాత్రం పాఠం సగమైనాక వస్తుంది. రోజూ ఇదే వరస. తిట్టినా, ఎండలో నిలబెట్టినా బుద్ధి రాలేదు. దాన్ని చూసి మిగతావాళ్ళూ చెడిపోతారు."

"కాలు బాగలేని బిడ్డ కదా."

"చెలమ ఎంత దూరమని బాబా! పాక్కుంటూ పోయినా అంతసేపు పట్టదు."

బాబా దారం పళ్ళతో తెంపాడు.

"రేపు నాకు చెలమ నీళ్ళు కావాల. నువ్వే తెచ్చియ్యి. సుంకులమ్మ వెనకాలే పో. ఆ బిడ్డ యాడ అడుగేస్తే నువ్వూ ఆడే వెయ్యి. ముందుకు దాటొద్దు. నీళ్ళు తెచ్చినాక నీ ఇష్టం, ఇంటికే పంపుతావో యాడికి పంపుతావో."

ఇదేం చోద్యమో అనుకున్నాడు గఫారు. కానీ గురువు నీళ్ళడిగితే కాదంటాడా?

మరునాడు గంట కొట్టగానే పిల్లలు బిలబిలమంటూ బయటపడ్డారు. బడి వెనక రెండు పెద్ద బండల మధ్య ఒక సందు ఉంది. అది దాటితే చెలమ. అందరూ అటే పరుగెత్తారు. సుంకులమ్మ మాత్రం సత్తుచెంబు చంకన పెట్టుకొని, సరిగ్గా ఎదురుదిక్కుకు తిరిగింది.

దొంగ దొరికింది అనుకున్నాడు గఫారు.

ఆ పిల్ల ఎడమకాలు ఈడుస్తూ కంపచెట్ల వారగా పోయి, కాలుతున్న ఇసుకలోకి దిగింది. కాలు కూరుకుపోయినప్పుడల్లా రెండు చేతులతో మోకాలు పట్టి పైకి లాక్కుంటోంది. చెప్పులున్న గఫారుకే అరికాళ్ళు చుర్రుమన్నాయి. చుట్టు తిరిగి చెలమ కనబడేచోటికి వచ్చాక ఒక గుండురాయి చాటున ఆగి తొంగిచూసింది. ఎంతకీ కదలదు. గఫారు కూడా వెనకనుంచి వంగి చూశాడు.

సందు చివర తిమ్మన్న నిలబడి ఉన్నాడు. బడిలో అందరికన్నా పెద్దవాడు. అల్లరి అణచడానికని గఫారే ఏరికోరి పిల్లల మీద పెత్తనం ఇచ్చినవాడు. చేతిలో ఉన్నదీ గఫారు ఇచ్చిన బెత్తమే. సందు దాటే ప్రతి చిన్నపిల్లవాడి పిక్క మీదా ఒకటి తగిలిస్తున్నాడు. ఒకడు ఏడవబోయి, ఏడిస్తే ఇంకొకటి పడుతుందని నోరు గట్టిగా మూసుకున్నాడు. ఓహో, సంతంతా చెప్పుకున్న నిశ్శబ్దం తయారయ్యేది ఇక్కడన్నమాట!

అంతలో తిమ్మన్న జతగాడొకడు కాలు ఈడుస్తూ నడిచి చూపించాడు. తిమ్మన్న గొంతు సవరించుకొని, "దయచేసినారా మహారాణీ గారూ?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు.

గఫారుకు తల కొట్టేసినట్టయింది. ఆ మాట తనది. ఆ గొంతూ తనదే. ఆలస్యంగా వచ్చిన ఆ పిల్లను గడపలో ఆపి రోజూ తను అనే మాట అది.

సుంకులమ్మ వెనక్కి తిరిగింది. అయ్యవారిని చూడగానే చంకలో చెంబు జారిపోయింది.

"పోతాను అయ్యోరూ. వాళ్ళు పోయినాక పోతాను," అంది గబగబా.

"దగ్గర దోవ ఉంది కదమ్మా..."

"అది వాళ్ళదంట అయ్యోరూ. మీరే ఇచ్చినారంట."

గఫారు నీళ్ళ మాటే మరిచాడు. పోయి తిమ్మన్న చేతిలో బెత్తం లాక్కొని, సరాసరి బాబా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"తోలు వలిచేస్తాను బాబా! ఒక్కొక్కడికీ వీపు చీరేస్తాను! మీరు ఊ అంటే చాలు."

"కొడితే ఏమవుతుంది?"

"ఇంకెప్పుడూ ఆ సందులో నిలబడరు."

"ఇంకో సందు చూసుకుంటారు. అప్పుడు ఆ బిడ్డ ఇంకెంత దూరం తిరగాల?"

గఫారు ఎత్తిన బెత్తం దించాడు.

బాబా ఆ బెత్తం అందుకొని, విరిచి, ఉడుకుతున్న జొన్నగంజి కింద పొయ్యిలో పెట్టాడు. సగం కుట్టిన బొంత భుజాన వేసుకొని మెల్లగా సందులోకి నడిచాడు. అక్కడ బొంత పరిచి కూర్చొని తిమ్మన్నను పిలిచాడు. తిమ్మన్న దెబ్బలు తప్పవనుకొని, కళ్ళు మూసుకొని వీపు తిప్పి నిలబడ్డాడు.

"ఇటు తిరుగు నాయనా. కంటికి ఆనడం లేదు. ఈ సూదిలో దారం ఎక్కించు."

ఆ పూట సుంకులమ్మ బడికి వచ్చేసరికి ఎప్పటిలాగే పాఠం సగమైంది. గడపలో తల వంచుకొని నిలబడింది. ఆ 'మహారాణీ' మాట కోసం పిల్లలంతా చెవులు రిక్కించారు. గఫారు లేచి ఎదురెళ్ళాడు.

"తప్పు నాదమ్మా. లోపలికి రా," అన్నాడు అందరికీ వినబడేటట్టు.

మర్నాటి నుంచి నీళ్ళ గంటకు గఫారే సందులో బొంత పరుచుకొని కూర్చున్నాడు. దిద్దాల్సిన పలకలు ఒకపక్క పెట్టుకున్నాడు. బొంత కుట్టడానికి తిమ్మన్నను ఇంకోపక్క కూర్చోబెట్టుకున్నాడు. పిల్లలు కేకలేస్తూ వచ్చారు, పోయారు. సుంకులమ్మ దూరంనుంచి చూసింది. చూసి, కంపచెట్ల వైపే తిరిగింది.

ఆ సాయంత్రం గఫారు మొహం వేలాడేసుకొని బాబా దగ్గరికి వెళ్ళాడు.

"కూర్చున్నాను బాబా. రమ్మని పిలిచాను కూడా. అయినా చుట్టుదోవనే పోయింది."

బాబా గిన్నెలో గంజి పోసి అతని ముందు పెట్టాడు.

"ఎన్నాళ్ళు తిరిగిందో అన్నాళ్ళు కూర్చో."

గఫారు కూర్చున్నాడు. వేసవి పోయింది. ఏటికి నీళ్ళొచ్చి చెలమలు పూడిపోయాయి. బొంత నాలుగు అంచులూ కుట్టడం అయిపోయింది. తిమ్మన్న ఎవరూ చెప్పకుండానే ఇంకోటి మొదలుపెట్టాడు.

ఒక మధ్యాహ్నం గఫారు వంగి పలక దిద్దుతుంటే బొంత మీద చెంబులోని నీళ్ళు తొణికి పడ్డాయి. పక్కన తిమ్మన్న సూది ఆపి, కాళ్ళు ముడుచుకొని దోవ ఇచ్చాడు. కాలు ఈడ్చిన చప్పుడు దగ్గరికొచ్చి, నెమ్మదిగా బడి వైపు సాగింది.

గఫారు తల ఎత్తలేదు. చూస్తే ఆ బిడ్డ ఎక్కడ ఆగిపోతుందోనని, తడిసిన కళ్ళతో, దిద్దిన అక్షరమే మళ్ళీ దిద్దుతూ కూర్చున్నాడు.