ఓబుళమ్మ వేసిన తుపాకీ గడియ

కొండలకింకా పేర్లు పెట్టని కాలంలో, అడవి గడపదాకా వచ్చే రోజుల్లో, ఇప్పుడు ఎర్రగుట్ట అనే గుట్ట కింద తుపాకులు చేసే కొలిమి ఒకటుండేది. ఓబుళమ్మ అక్కడ తిత్తి ఊదేది. ఊదేది, నిప్పును చూసేది, నోరు మెదిపేది కాదు.

తుపాకీ గొట్టం వెనక ఒక గడియ ఉంటుంది. తలుపు గడియలాగే ముందుకు తోసి పక్కకు తిప్పితే బిగుస్తుంది. దాని మూతికి రెండు చెవులు. మందు పేలితే ఆ దెబ్బంతా కాసేది ఆ చెవులే. పెద్దకమ్మరి వీరాచారి వాటిని విడిగా చేసి అతికించేవాడు. ఒకరోజు ఓబుళమ్మ మొగుడు సంజన్న పేల్చగానే చెవులూడి, గడియ వెనక్కెగిరి అతని చెంప చీల్చింది. కన్ను వెంట్రుకవాసిలో తప్పింది.

ఆపైన తుపాకీ ముట్టేవాడే లేడు. అడవిపందులు పట్టపగలే జొన్నచేలల్లో పడ్డాయి.

"అయ్యా, చెవులు అతికించొద్దు. గడియా చెవులూ ఒకే కడ్డీలోంచి తీద్దాం," అంది ఓబుళమ్మ.

"తిత్తి ఊదేదానివి, నాకు చెప్తావా?"

"చీలింది నా మొగుని చెంపయ్యా. చెప్పకెట్లా ఉండేది?"

వీరాచారి పక్కకు జరిగాడు. సుత్తి ఆమె చేతికిచ్చాడు.

కాల్చింది, కొట్టింది, ఆకురాయితో రాసింది. తాడు కట్టి దూరంనుంచి పేల్చి చూశారు. మెత్తటి ఇనుము, చెవులు వంగాయి.

మళ్లీ కాల్చింది, కొట్టింది, రాసింది. ఎర్రగా ఉండగానే నీళ్లలో ముంచింది. గట్టిపడింది గానీ కుండపెంకులా పగిలింది.

మళ్లీ కాల్చింది, కొట్టింది, రాసింది. ఈసారి నూనెలో ముంచింది. తర్వాత సన్నసెగ మీద పెట్టి, ఇనుము ఎండుగడ్డి రంగు తిరిగేదాకా తిత్తి మెల్లగా ఊదింది. అంత మెల్లగా ఊదడం ఆమె ఒక్కదానికే తెలుసు.

"తాడు తేండి," అన్నాడు వీరాచారి జొన్నచేని గట్టున నిలబడి.

"తాడుతో పేలిస్తే భుజానికెవరు ఎత్తుతారయ్యా?" అని ఓబుళమ్మే తుపాకీ ఎత్తింది.

"వద్దే!" అని సంజన్న పరుగెత్తుకొచ్చేలోగా ఢామ్మంది. పందులు కొండెక్కాయి. ఓబుళమ్మ జొన్నల్లో వెల్లకిలా పడింది.

"గడియ ఉందా?" అని అక్కణ్ణించే అరిచింది.

"ఉందే! పడింది నువ్వే!" అన్నాడు సంజన్న. వీరాచారి కడుపు పట్టుకుని నవ్వాడు. పడినచోటే ఆమె కూడా నవ్వింది.

చాలా ఏళ్లు బతికింది. పోయిననాడు వేటగాళ్లంతా వచ్చి ఆకాశంలోకి మూడుసార్లు పేల్చారు.

ఇప్పటికీ ఆ పక్క కొత్త తుపాకీ గడియ ఠక్కున పడితే, "ఓబుళమ్మ తలుపేసింది," అంటారు. ఆ మాట అనందే ఎవరూ భుజానికెత్తరు. చేనికి పోతూ ఇంటికి గడియ పెట్టే ఆడవాళ్లూ అదే మాటంటారు. అని, వెనక్కి చూడకుండా నడిచిపోతారు.