పుంజు లేని గుడ్లు

మా దొడ్లో ఉన్నవి ఒక పుంజు, ఒక పెట్ట, ఒక ముసలి ఎద్దు. ఎద్దుని నేనే. పదిహేనేళ్ళు కాడి మోసి మెడ కాయ కాసింది. ఇప్పుడు రాటకి కట్టేసి ఇంత గడ్డి పడేస్తున్నారు. పెళ్ళాం పిల్లలన్న గొడవ నాకు లేదు, కోడెగా ఉన్నప్పుడే విత్తులు నొక్కించేశారు. కాబట్టి ఈ కథ ఎవరి పక్షమూ లేకుండా చెబుతాను, ఓపిక ఉన్నంతవరకూ.

పెట్టని అందరూ చుక్కలమ్మ అంటారు. నాలుగేళ్ళలో ఆరుసార్లు పొదిగింది. పొదగడమంటే మాటలా? ఊక బుట్టలో ఇరవై ఒక్క రోజులు కూర్చోవాలి. రోజుకోసారి లేచి నాలుగు గింజలు ఏరుకుని మళ్ళీ వచ్చి కూర్చోవాలి. తీరా పిల్లలు దిగాక గద్ద కొన్నిటిని తన్నుకుపోతుంది, కొక్కెర తెగులు కొన్నిటిని పట్టుకుపోతుంది. చుక్కలమ్మ బాగా అలిసిపోయింది, పాపం.

ఆ వేసవిలో ఇంటావిడ అచ్చియ్యమ్మ బుట్టలో ఊక సర్దుతూ, "ఈసారి పిల్లల్ని దించితే సరేసరి. లేదంటే దీన్ని కోసి కూరొండేస్తాను," అంది. చుక్కలమ్మ విన్నది. నేనూ విన్నాను.

మర్నాడు చుక్కలమ్మ మొదటి గుడ్డు పెట్టింది. మధ్యాహ్నం మనుషులంతా చేలోకి పోయాక, వెనక అరటి తోటలోంచి నక్క వచ్చింది. మా పుంజు పేరు డేగ. అది కాపలా ఉన్నంతసేపూ నక్క ఇటు తొంగిచూడదు. డేగ కూత పెడితే కర్రలొస్తాయి. ఆ వేళ డేగ పేడకుప్ప అవతల దుమ్ములో పొర్లుతోంది.

"ఏంటి చెల్లెమ్మా, మొహం అలా పీక్కుపోయింది?" అంది నక్క.

"మళ్ళీ పొదగాలన్నా. ఒంట్లో ఓపిక లేదు."

"పొదిగితే పొదిగావు. దానికి తోడు ఆ మగాడితో వేగడం దేనికి? ఈ అరటిని చూడు. పెళ్ళా, పేరంటమా? మొదట్లోంచి పిలక వస్తుంది, ఆ పిలక పక్కన ఇంకోటి. తల్లి ఎలా ఉంటే పిల్లలూ అచ్చం అలాగే."

"అది చెట్టు కదన్నా."

"నీ గుడ్డు మాత్రం వాడు పెడుతున్నాడా? వాడు పొరుగూరు పోతే నువ్వు గుడ్డు పెట్టడం మానేస్తావా?"

చుక్కలమ్మ ఆలోచించింది. "మానను. పెడతాను."

"మరి? గింజల్లో సగం వాడికే. తెల్లారకముందే ఆ కూత. నీ వీపు మీద ఈకలు చూసుకున్నావా? వాడు ఎక్కితొక్కి ఒక్కటీ మిగల్చలేదు."

వీపు మాట నిజమే. అబద్ధం ఎప్పుడూ ఒంటరిగా రాదు, ఒక నిజాన్ని వెంటబెట్టుకుని వస్తుంది.

నేను నెమరు ఆపి, "చుక్కలమ్మా, గుడ్డు వేరు, పిల్ల వేరు. పుంజు లేని గుడ్డులో సొన ఉంటుంది గాని ప్రాణం ఉండదు," అన్నాను.

"ఆహా, ఈ సంగతులు మనకి ఎద్దు చెప్పాలా?" అంది నక్క. చుక్కలమ్మ కూడా నవ్వింది. నాకు మనసు చివుక్కుమని మళ్ళీ నెమరులో పడ్డాను. ఇంకోసారి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆ తప్పు నాది.

సాయంత్రం చుక్కలమ్మ డేగని పిలిచి, "నువ్విక్కడ ఉండొద్దు," అంది.

"నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదు. అలిసిపోయాను డేగా. నీ కూత వినే ఓపిక కూడా లేదు."

డేగ అరటి తోటలోకి పోయింది. అరటికి కొమ్మలుంటాయా, ఎక్కి పడుకోవడానికి? మూడో రోజున ఎర్రటి ఈకలు గాలికి దొడ్లోకి కొట్టుకొచ్చాయి. అచ్చియ్యమ్మ పిల్లుల్ని తిట్టింది. చుక్కలమ్మ ఆ రోజు గింజ ముట్టలేదు.

తర్వాత కూడా గుడ్లు వచ్చాయి, నక్క చెప్పినట్టే. మొత్తం పన్నెండయ్యాక చుక్కలమ్మ బుట్టలో కూర్చుంది. అది కూర్చున్న వారానికి అరటి తోటలో ఒక చెట్టు ఆకులు పచ్చబడి వేలాడాయి. తర్వాత దాని పక్కది. పది రోజుల్లో తోటంతా పోయింది.

"తాతా, ఒక్కటీ తట్టుకోలేదేం?" అని నన్నడిగింది చుక్కలమ్మ, బుట్టలోంచి.

"అన్నీ ఒక్క తల్లి పిలకలేనమ్మా. ఒకదాన్ని చంపిన తెగులుకి మిగతావి ఒక లెక్కా? నీ పిల్లలు అలా కాదు. పోయినేడు కొక్కెర తెగులొస్తే పదకొండింట్లో నాలుగు బతికాయి. సగం నీది, సగం డేగది కలిసింది గనక ఒక్కోటీ ఒక్కో రకం. ఒకటి పోయినచోట ఇంకోటి నిలబడింది."

"మరి ఈ గుడ్లు?" అని అడిగింది.

ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం నక్క దర్జాగా వచ్చింది. కూసేవాడు లేడుగా.

"పిల్లలేవి?"

"రాలేదు."

"రాకపోవడమేంటి? గుడ్లు పెట్టావు, పొదిగావు!"

"పుంజు అక్కర్లేదన్నది నువ్వే కదన్నా."

అప్పుడు తెలిసింది నాకు. నక్క చెప్పిన అబద్ధాన్ని నక్కే నమ్మింది. కాపలావాణ్ణి తప్పించి, లేత పిల్లల్ని తిందామని మూడు వారాలు లొట్టలేసుకుంటూ కూర్చుంది. కోపంతో బుట్టని తన్నింది, ఒక గుడ్డు కసుక్కున కొరికింది. మురిగిపోయిన గుడ్డు పగిలి కళ్ళనిండా చిమ్మింది. కళ్ళు కనపడక గుడ్లన్నీ తొక్కుకుంటూ వెనక్కి వెనక్కి వచ్చి సరిగ్గా నా వెనక కాళ్ళ దగ్గర ఆగింది. ఇన్నేళ్ళలో నేను ఎవర్నీ తన్నలేదు. ఆ రోజు తన్నాను. కుంటుకుంటూ పోయింది, మళ్ళీ రాలేదు.

చితకకుండా మిగిలింది ఒక్కటే గుడ్డు. డేగ దొడ్లో ఉండగా పెట్టిన మొదటి గుడ్డు. పొద్దు వాలేవేళకి అది చిట్లింది.

అచ్చియ్యమ్మ వచ్చి, "పన్నెండింటికి ఒక్క పిల్లా?" అని తిట్టింది. పిల్ల వణుకుతూ తల్లి రెక్క కిందికి దూరింది. కాసేపు చూసి, "సరే, ఇది పెద్దదయ్యేదాకా నువ్వూ ఉండు," అని లోపలికి పోయింది.

"తాతా, ఎవరి పోలిక ఇది?" అంది చుక్కలమ్మ.

"చుక్కలు నీవి. ఎరుపు వాడిది. నుదుటి మీద ఆ నల్లమచ్చ మాత్రం మీ ఇద్దరిదీ కాదు, దాని సొంతం."

"వాడు చూస్తే బాగుండేది," అంది చుక్కలమ్మ.

అలిసిపోయినవాడికి సుళువైన దారి చూపించేవాడు, ఆ దారి చివర కంచం వేసుకుని కూర్చుంటాడు.