బొమ్మిదిన్నె బోర్లమ్మ వీపు తొక్కే వేడుక

బొమ్మిదిన్నెకు కొత్తగా వచ్చిన భక్తులు ముందు కంగారు పడతారు. ఇక్కడ గోపురం లేదు, గర్భగుడి లేదు. ఎత్తయిన దిన్నె మీద గచ్చులా గట్టిపడిన మట్టి నేల మాత్రం ఉంది. దాని నడుమ అమ్మవారు బోర్లా పడుకొని ఉంటుంది. పైకి కనిపించేది ఆమె వీపే. కొప్పు, రెండు రెక్కల ఎముకలు, నడుము దగ్గర చీర మడత, అన్నీ ఒకే నల్లరాతిలో ఉన్నాయి. ఆ వీపు మీద సాయంత్రం పూట పసిపిల్లలు పాదాలు ఆనించి అటూ ఇటూ నడుస్తుంటారు. చూసిన కొత్తవారు "అపచారం, అపచారం" అని చెంపలు వేసుకుంటారు. ఊరివారు వారిని చూసి నవ్వుకుంటారు. ఎందుకంటే ఈ తల్లికి అదే అభిషేకం, అదే అర్చన.

ఇంకొక విశేషం ఉంది. పూజారి గంగరాజమ్మగారు భక్తుల గోత్రం అడగరు. "ఏ ఆట వచ్చు?" అని అడుగుతారు. చెడుగుడు అనో, అచ్చంగాయలు అనో చెబితే ఆ ఆట పేరు మీదనే హారతి ఇస్తారు. ఈ దిన్నె మీద పార పెట్టరు, కలుపు తీయరు. అయినా ఇక్కడ గడ్డి పెరగదు. దీని వెనుక ఉన్న కథ తెలియక చాలామంది దీన్ని అమ్మవారి మహిమ అంటారు. తెలిసినవారు కూడా మహిమే అంటారు గానీ, కాస్త చిరునవ్వుతో అంటారు.

పూర్వం ఈ దిన్నెకు తూర్పున సాలెవారి పల్లె, పడమట గొర్రెల కాపరుల పల్లె ఉండేవి. చుట్టుపక్కల ఉన్నదంతా రాళ్ళ గుట్టలు, బీటలు వారే నల్లరేగడి. పొడవుగా, చదునుగా ఉన్న నేల దిన్నె ఒక్కటే. సాలెవారికి అటువంటి నేల ప్రాణంతో సమానం. మగ్గం ఎక్కే ముందు నిలువు దారాలన్నిటినీ వీధి పొడవునా చాపి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. దానినే పడుగు అంటారు. దువ్వేవారు పడుగుకు ఇరువైపులా నిలబడి, చూపు దారాల మీద నిలిపి, ఉత్త కాళ్ళతో వెనక్కి నడుస్తారు. కాలి కింద చిన్న ముల్లున్నా చేయి అదురుతుంది, పోగు తెగుతుంది.

కనుక పొద్దున దిన్నె సాలెవారిది. మధ్యాహ్నానికి పడుగు ఎత్తుకొని వెళ్ళిపోయేవారు. ఎండ వాలాక దిన్నె అందరిదీ. రెండు పల్లెల పిల్లలు, పడుచువారు, పెద్దలు అక్కడికే చేరేవారు. ఒక పక్క చెడుగుడు, ఒక పక్క తొక్కుడుబిళ్ళ, ఒప్పులకుప్ప, రాతి మీద గీసిన పులిమేక. నడుము వంగిన అవ్వలు సైతం అచ్చంగాయలకు కూర్చుంటే పొయ్యి మీద ఎసరు సంగతి మరిచేవారట. ఈ ఏర్పాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, అడిగినవారూ లేరు.

ఆ రోజుల్లో సాలెవారి పెద్ద వీరనారప్ప. పక్కనున్న కోనలో వెలసిన రాయలస్వామి తేరుకు ప్రతి మాఘ పౌర్ణమినాడు నలభై మూరల ధ్వజవస్త్రం ఆయన మగ్గం నుంచే వెళ్ళాలి. ఏడు తరాలుగా వస్తున్న మర్యాద అది. దానికొక కట్టడి ఉండేది. ధ్వజానికి వాడే పడుగులో తెగి ముడివేసిన పోగు ఒక్కటి కూడా ఉండరాదు. నారప్ప పనిమంతుడు, నియమం గలవాడు. కోపం మాత్రం ముక్కు మీదనే ఉండేది. పగలంతా గుంట మగ్గంలో వంగి కూర్చోవడం వల్ల ఆయనకు వీపు నొప్పి. ప్రతి సాయంత్రం అరుగు మీద బోర్లా పడుకుంటే మనుమరాలు చౌడక్క గోడ పట్టుకొని వీపు తొక్కేది. తొక్కి, దిన్నె మీదికి ఆటకు పరుగెత్తేది. ఎనిమిదేళ్ళ పిల్ల.

ఒక ఆశ్వయుజ మాసంలో నారప్ప ధ్వజం పడుగు చాపాడు. ఆనాడు మబ్బు కమ్మింది. గంజి ఆరలేదు. మధ్యాహ్నం దాటింది, ఎండ వాలే వేళ అయింది. తోటివారు ఎత్తేద్దామన్నారు. "ఇంకొంచెం ఆరనీ" అని నారప్ప ఎత్తనివ్వలేదు. వేళకు పిల్లలు రానే వచ్చారు. చెడుగుడు కూతకు వెళ్ళిన కాపరి పిల్లవాడిని నలుగురు పట్టుకున్నారు. అయిదుగురూ కలిసి దొర్లుకుంటూ పోయి పడుగు మీద పడ్డారు. అరవై పోగులు తెగాయి.

నారప్ప కోపానికి పట్టపగ్గాలు లేకపోయాయి. మర్నాడే దిన్నె చుట్టూ తుమ్మకంప కొట్టించాడు. "ఇంక ఈ దిన్నె మీద ఆట అనేది లేదు. పని ముందా, ఆట ముందా?" అన్నాడు. కాపరుల పెద్ద బీరలింగప్ప కూడా తక్కువవాడేమీ కాదు. "వాళ్ళ దిన్నె వాళ్ళే నెత్తిన పెట్టుకోనీ" అని తన పల్లెవారిని అటు తొక్కవద్దన్నాడు. ఇద్దరు పెద్దల పట్టుదల మధ్య ఆట ఆగిపోయింది.

ఆ తరువాత రెండు పల్లెలలోనూ ఏదో తేడా వచ్చింది. పిల్లలు ఇళ్ళలో ఒకరినొకరు గిల్లుకున్నారు. పడుచువారు సందు మొగల్లో గుంపులుగా నిలబడి, వచ్చేపోయేవారితో తగవులు పెట్టుకున్నారు. ఇదివరకు ఆటలో కాలు పట్టి లాగినవాడి మీద ఎవరికీ పగ ఉండేది కాదు. ఇప్పుడు చూపు సరిగా లేదని కూడా కొట్టుకున్నారు.

కార్తీకంలో వానలు పడ్డాయి, ఎవరూ పడుగు చాపలేదు. మార్గశిరంలో నారప్ప రెండవ పడుగు తీసుకొని దిన్నె ఎక్కి చూస్తే ఉత్తరేణి మోకాలెత్తు పెరిగి ఉంది, నేలంతా పల్లేరు పాకి ఉంది. ఉత్తరేణి గింజలు పోగులకు అంటుకున్నాయి. పల్లేరు ముల్లు గుచ్చుకొని దువ్వేవారి చేయి అదిరింది. ఆ పడుగు పోయింది. పారలు తెచ్చి కలుపంతా చెక్కించాడు. గుల్లబారిన నేల నుంచి లేచిన దుమ్ము తడి గంజికి పట్టి మూడవ పడుగూ పోయింది. ఒక్క జల్లు పడేసరికి పార పెట్టిన చోటల్లా కలుపు ఇంతకు రెండింతలు లేచింది. ఊరిలో ఉన్న నాలుగు గొర్రెలను తోలి మేపించాడు. అవి గడ్డి తిన్నాయి గానీ గిట్టలతో నేలను మరింత గుల్ల చేసి పోయాయి.

ఈలోగా కోన నుంచి మనిషి వచ్చాడు. పౌర్ణమినాటికి వస్త్రం రాకపోతే, ఆ మర్యాద వేరే ఊరి సాలెవారికి వెళుతుందని చెప్పి పోయాడు. అప్పటికి పుష్య మాసం వచ్చేసింది. ఏడు తరాల మాట తన చేతుల్లో పోతుందన్న దిగులుతో నారప్పకు తిండి సయించలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన పార దింపి వచ్చి అరుగు మీద బోర్లా పడ్డాడు. వీపు తొక్కమని చౌడక్కను పిలిచాడు. ఆ పిల్ల గోడకు ఆనుకొని కదలలేదు.

"నా కాళ్ళల్లో బలం యాడుంది తాతా? ఆట లేక మూడు నెల్లాయ" అంది.

నారప్ప ముఖం అరుగుకు ఆనించాడు. అలాగే కన్ను మూతపడింది. పగటి కలకు ఫలం లేదంటారు పెద్దలు. కానీ ఆ పగటి కలే ఈ స్థలానికి మూలం. కలలో దిన్నె మీద ఒక ముసలమ్మ, అచ్చం ఆయనలాగే బోర్లా పడుకొని మూలుగుతోంది.

"ఓరి నారప్పా, నా వీపంతా దురద పెడతాండాది రా. ముండ్లు మొలిచినాయి. దినమూ నా వీపు తొక్కే పిల్లోళ్ళు యాడికి పోయినారు?"

"ఎవరవ్వా నువ్వు? ఒకసారి ఇట్ల తిరుగు, మొగం చూస్తా."

"మొగం చూసి ఏం జేస్తావు? ముందు వీపు తొక్కియ్యి. పార పెట్టి గీరినావు గదరా, మంట పుడతాంది."

ఉలిక్కిపడి లేచిన నారప్ప కండువా కూడా వేసుకోలేదు. నేరుగా దిన్నె దాటి కాపరుల పల్లెకు నడిచాడు. మూడు నెలల తరువాత ఆయన ఆ పల్లె గడప తొక్కడం అదే. బీరలింగప్ప గొర్రె ఉన్నితో కంబడి నేస్తూ కూర్చున్నాడు. తలెత్తలేదు.

"ఏం నారప్పా, దారి తప్పినావా? ఆరిందా నీ పడుగు?"

"ఆరలేదు బీరలింగప్పా. ఆపొద్దు గూడా ఆరలేదు. ఆట యాళ దాటినా ఎత్తకుండా పెట్టింది నేనే. పిల్లోళ్ళు వాళ్ళ యాళకు వాళ్ళొచ్చినారు. కంప కొట్టాల్సింది దిన్నెకు గాదు, నా నోటికి."

బీరలింగప్ప చేతిలోని పని ఆపాడు. తన పల్లె కుర్రవాళ్ళు ఇద్దరు కిందటి వారమే తలలు పగలగొట్టుకొని మంచాన ఉన్నారు. ఆ బాధ ఆయనకూ ఉంది. అయినా ఊరికే ఒప్పుకుంటే పెద్దరికం ఏముంటుంది?

"పిల్లోళ్ళను పంపిస్తా. కాకుంటే ఒక మాట. మొదటి కూతకు నువ్వే రావాల. పట్టేది నేను."

"నాకు అరవై దాటినాయప్పా!"

"నాకేమన్నా పదహారా?"

మర్నాడు కంప తీసేశారు. ఎండ వాలాక రెండు పల్లెలూ దిన్నె చుట్టూ మూగాయి. అరవై దాటిన వీరనారప్ప గోచీ బిగించి, గీత దాటి, "చెడుగుడు చెడుగుడు" అంటూ నాలుగడుగులు వేశాడో లేదో బీరలింగప్ప నడుము పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఉత్తరేణి పొదలో పడ్డారు. ఒంటినిండా గింజలతో లేచిన ఆ ఇద్దరినీ చూసి మూడు నెలలుగా నవ్వని జనం కడుపు పట్టుకొని నవ్వారు. నారప్ప కూడా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆనాటి నుంచి పదిహేను రోజులు ఆడారు. పగలు కూడా ఆడారు. ఉత్తరేణి నలిగింది, పల్లేరు అణిగింది, లేచిన మన్ను పాదాల కింద మళ్ళీ గట్టిపడింది. తొమ్మిదవనాడు చౌడక్క తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఒంటికాలి మీద గెంతితే కాలి కింద నున్నటి రాయి తగిలింది. చేతులతో మన్ను తీసిచూస్తే కొప్పు కనిపించింది, తరువాత వీపు కనిపించింది. కలలోని ముసలమ్మను నారప్ప గుర్తుపట్టి, తన కల అందరికీ చెప్పి సాష్టాంగపడ్డాడు.

అందరికీ ఒకటే కుతూహలం. తల్లి ముఖం ఎలా ఉంటుంది? శాంతంగా ఉంటుందా, ఉగ్రంగా ఉంటుందా? కుర్రవాళ్ళు గడ్డపారలు తెచ్చారు. తిప్పి నిలబెట్టి గుడి కడదామన్నారు. అప్పుడు చౌడక్క ఆ రాతి వీపు మీద ఎక్కి నిలబడింది.

"పండుకున్న అవ్వను లేపుతారా ఎవురన్నా? ఆమె అడిగింది తొక్కమని గదా!"

కుర్రవాళ్ళు నారప్ప వైపు చూశారు. ఆయన గడ్డపారలు దింపించాడు. మనుమరాలు ఆ వీపు మీద అటు నాలుగు, ఇటు నాలుగు అడుగులు వేసింది. అదే తల్లికి జరిగిన తొలి పూజ.

పదహారవనాటి పొద్దున నారప్ప నాలుగవ పడుగు చాపాడు. కుంచెలు పట్టినవారు కళ్ళు మూసుకొని నడిచినా కాలికి ఏమీ తగలలేదు. ఒక్క పోగు తెగలేదు. మధ్యాహ్నం కాకముందే పడుగు ఎత్తేశారు. నలభై మూరల ధ్వజం పౌర్ణమికి ముందునాడు కోన చేరింది. దాన్ని నేసింది సాలెవారు, మోసింది కాపరులు. కోనలోని గుడి పెద్దలు "ఇది ఎవరి వస్త్రం?" అని ఆనవాయితీగా అడిగారు. ఏడు తరాలుగా దానికి జవాబు ఒక్క ఇంటి పేరే. ఆనాడు వీరనారప్ప "దిన్నె మీద ఆడినోళ్ళది సామీ" అన్నాడు. నేటికీ ఆ ప్రశ్నకు బొమ్మిదిన్నెవారు చెప్పే జవాబు అదే.

ఇప్పుడు ఇక్కడ మగ్గాలు తగ్గాయి. గొర్రెలూ తగ్గాయి. ఆట తగ్గలేదు. చెడుగుడు పక్కన వాలీబాల్ వల కట్టారు. సెలవుల్లో చుట్టుపక్కల ఏడు ఊళ్ళ పిల్లలకు పోటీలు పెడతారు. ఒక ఊరివారంతా ఒకే జట్టులో ఉండకూడదని నియమం. పుష్య మాసంలో "గడ్డి చూసే రోజు" వస్తుంది. ఆనాడు పెద్దలు మోకాళ్ళ మీద వంగి దిన్నెంతా వెతుకుతారు. ఎవరి వీధి వైపు గడ్డిపోచ కనిపిస్తే ఆ వీధి పెద్దమనిషి గోచీ బిగించి మొదటి కూతకు వెళ్ళాలి. ఒక సర్పంచిగారు రెండేళ్ళు వరుసగా వెళ్ళారు. మూడో ఏడు నుంచి ఆయన రోజూ సాయంత్రం పిల్లలను ఇళ్ళ నుంచి స్వయంగా తోలుకొస్తున్నారు. నేలకు నాపరాళ్ళు పరిపిస్తామని ఒక దాత వస్తే, గ్రామస్థులు వారికి భోజనం పెట్టి, రెండు ఆటలు ఆడించి, గౌరవంగా పంపించారు.

ఈ తల్లిని సేవించినవారికి నడుము నొప్పులు పోతాయని, మాటలు లేని అన్నదమ్ములు ఒకే జట్టులో ఆడి మళ్ళీ కలుస్తారని, మొండికేసిన పిల్లలు దారికి వస్తారని నమ్మకం. ఈ పుస్తకం రాస్తున్నవాడికి నడుము నొప్పి సంగతి స్వానుభవం.

తల్లి ముఖం మాత్రం ఈనాటికీ ఎవరూ చూడలేదు. పూజారి గంగరాజమ్మగారికి డెబ్బై ఏళ్ళు. చౌడక్క వంశంలోనివారు. "ఒక్కసారైనా ఆ ముఖం చూడాలనిపించలేదా అమ్మా?" అని నేను అడిగాను. ఆమె ఒక పసిపిల్లను రెక్క పట్టుకొని అమ్మవారి వీపు మీద నడిపిస్తున్నారు.

"మా తాత వీపు దినమూ తొక్కేదాన్ని నాయనా. తొక్కేటప్పుడు ఆయప్ప మొగం నాకు యాడ కనపడతాది? 'ఆ, ఆడనే అమ్మా, ఆడనే' అంటాండె. ఆ మాటతోనే తెలిసేది ఆయప్పకు సుఖంగా ఉందని" అన్నారు. తరువాత పిల్లను ఇంకొక అడుగు ముందుకు వేయించి, రాతి వైపు కాస్త చెవి వంచారు.

భక్తులు చెప్పులు దిన్నె కిందనే విడవవలెను. ఆట రానివారు సంకోచించనక్కరలేదు. ఎండ వాలేవరకు ఆగితే పిల్లలు నేర్పుతారు.