దామయ్య కుంపిణీ డాళ్ళు

అనగనగా ఒక రాజ్యం, ఆ రాజ్యం కొసన ఒక ఊరు, ఆ ఊళ్ళో సూరమ్మ. మొగుడు పోయాడు. పోలయ్య అని ఒక్కడే కొడుకు. ఊ కొట్టండర్రా, మీరు నిద్రపోతే నేనెవరికి చెప్పను?

ఒకనాడు దండోరా వేశారు. పక్క రాజుతో యుద్ధమట, ఇంటికొక మగపిల్లాడు రావాలట. సూరమ్మకున్నది పోలయ్య ఒక్కడేనాయె. అయినా ఏడవలేదు, దండోరావాణ్ణి నిలేసింది. యుద్ధం ఎందుకొచ్చిందయ్యా అంటే రాజుగారికి కోపమొచ్చిందన్నాడు. కోపం ఎందుకొచ్చిందంటే పక్క రాజు తిట్టాడట. తిట్టాడని ఎవరు చెప్పారంటే దామయ్య. దామయ్య ఎవరంటే డాళ్ళమ్మే కుంపిణీ ఆయన. రెండు రాజ్యాలకూ ఆయనవే డాళ్ళు. డాలంటే తెలుసుగా, కత్తి దెబ్బకు అడ్డం పెట్టుకునేది.

ఓహో అనుకుంది సూరమ్మ.

ఆ ఊరి ఆచారమేమిటంటే, యుద్ధానికి పోయేవాడి డాలు మీద తల్లి గుమ్మడికాయ కొట్టి దిష్టి తీయాలి. కాయ పగిలాకే కొడుకు ఊరు దాటాలి. బయల్దేరే రోజు సాగనంపడానికి రాజుగారు వచ్చారు. ఆయన పక్కన పట్టు కండువాతో, నోట్లో తాంబూలంతో దామయ్య. కొత్త డాళ్ళమ్మా, రంగు పోతుంది, నిమ్మకాయతో కానిచ్చేయండి అన్నాడు నవ్వుతూ. పాపం తల్లులందరూ, రాజుగారి ముందు ఎందుకొచ్చిన గొడవని నిమ్మకాయలే తిప్పారు.

సూరమ్మ తిప్పలేదు. రంగు మీద ఇంత ప్రేమేమిటి వీడికి అనుకుంది. గుమ్మడికాయ ఎత్తింది.

"అమ్మా, రాజుగారు చూస్తున్నారే" అన్నాడు పోలయ్య.

"చూడనీరా. అందుకేగా."

ఢామ్మంది. కాయ పగల్లేదర్రా, డాలు పగిలింది. లోపల ఇనుమా? కాదు. ఎద్దు తోలా? అదీ కాదు. తాటాకులు, పైన నల్ల రంగు. నవ్వకండి. రేపు యుద్ధంలో దాని వెనకాల ఒక పిల్లాడుండేవాడు.

రాజుగారి మొహం మాడిపోయింది. దామయ్య తొణకలేదు. అదొక్కటే చెడ్డది ప్రభూ, మిగతావి వజ్రాలు అన్నాడు.

"అయితే ఆ వజ్రాల్లో ఒకటి పుచ్చుకుని మావాడి ముందు నడువు నాయనా" అంది సూరమ్మ.

బాగుందన్నాడు రాజు. దామయ్య చేతికి డాలిచ్చి సైన్యానికంతా ముందు నిలబెట్టారు. నిలబెట్టారో లేదో డాలు కింద పారేసి రాజుగారి కాళ్ళ మీద పడ్డాడు. పక్క రాజు మిమ్మల్నేమీ అనలేదు ప్రభూ, ఆయనకు మీరు తిట్టారని చెప్పిందీ నేనేనని కక్కేశాడు.

ఇంకేముంది, యుద్ధం లేదు. రాజులిద్దరూ ఒకే పంక్తిలో భోంచేశారు. డాళ్ళన్నీ విప్పించి, ఆ తాటాకుతో ఊళ్ళో ఇళ్ళకు దామయ్య చేతే కప్పు వేయించారు. పోలయ్య ఇంటికొచ్చి చద్దన్నం తిని పడుకున్నాడు.

అందుకే, ఎవరైనా కొట్టుకోండని కబురు మోసుకొస్తే, వాడేం అమ్ముతాడో ముందు అడగాలి.

కథ కంచి దారి పట్టింది. మీరిక దుప్పటి కప్పుకోండి.