పెళ్ళిళ్ళు లేని నెలలు

రేపల్లెలో పరంజ్యోతి అనే బ్యాండు కళాకారుడు ఉండేవాడు. ట్రంపెట్ ఊదడంలో ఆ చుట్టుపక్కల అతనికి సాటి లేరు గానీ, చేతిలో డబ్బు ఆడుతున్నంతకాలం అది ఒకనాడు అయిపోతుందని మాత్రం అతనికి తోచేది కాదు.

పెళ్ళిళ్ళ రోజుల్లో పరంజ్యోతి పాట ఎత్తుకుంటే పెళ్ళివారు మురిసిపోయి అతని జేబులో నోట్లు కుక్కేవారు. ఆ డబ్బుతో కొత్త చొక్కాలు కొనేవాడు. చుట్టాలను పిలిచి చేపల పులుసుతో విందులు చేసేవాడు. ముహూర్తాలు అయిపోగానే ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపించేది. అప్పుడు ట్రంపెట్‌ను వడ్డీ వ్యాపారి రాఘవులు దగ్గర తాకట్టు పెట్టేవాడు. మళ్ళీ ముహూర్తాలు వచ్చే వేళకు ఎక్కడో చేబదులు తెచ్చి విడిపించుకునేవాడు.

"ఏముందిలే, మళ్ళీ పెళ్ళిళ్ళు రావా?" అనేవాడు భార్య రూతమ్మతో.

ఒక ఏడు శ్రావణంలో పెళ్ళిళ్ళు వచ్చాయి గానీ, చేబదులు ఇచ్చేవాళ్ళు దొరకలేదు. అందరికీ అతను అప్పటికే పాత బాకీ ఉన్నాడు. ట్రంపెట్ రాఘవులు బీరువాలోనే ఉండిపోయింది. బ్యాండు మాస్టరు ఇస్రాయేలు జాలిపడి, "ఈ పెళ్ళిళ్ళకి తాళానికి తగ్గట్టు గిలకలు ఊపరా. ఊరికే కూర్చోవడం కంటే నయం" అన్నాడు.

ఎప్పుడూ ముందు నడిచే పరంజ్యోతి ఆ రోజు వెనక వరసలో గిలకలు ఊపుతూ నడిచాడు. అతని పాటలు వేరొకడు ఊదాడు. పెళ్ళివారిలో ఒక పెద్దాయన అతన్ని గుర్తుపట్టి, "ఏం జ్యోతీ, ఊదడం లేదేం? ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. పరంజ్యోతి అవునన్నట్టు తల ఊపి, వరసతోపాటు ముందుకు నడిచాడు.

ఇంటికి వచ్చి, "రూతూ, మనకి ఎంత అప్పుందంటావు?" అన్నాడు.

"నాకు తెలిసినవి మూడు. నాకు చెప్పకుండా చేసినవి నువ్వే చెప్పాలయ్యా."

అతను ఒక్కొక్కటే చెప్పాడు. ఆమె క్యాలెండరు కాగితం వెనక రాసింది. రాఘవులు దగ్గర తాకట్టు ఒకటి, నోటు మీద ఒకటి, కిరాణా కొట్టు, మాస్టరు, ఇద్దరు బావమరుదులు. అన్నీ కూడితే నలభై ఆరు వేలు. పరంజ్యోతి ఆ అంకెలను మళ్ళీ వేళ్ళ మీద కూడి చూశాడు. అంత ఉంటుందని అతను ఏనాడూ అనుకోలేదు.

"కొత్తగా ఒక్క రూపాయి కూడా అప్పు తేవద్దు. అప్పుడు ఇది తగ్గడమే గానీ పెరగదు" అంది రూతమ్మ. "వడ్డీ పెరిగేది రాఘవులు గారి బాకీకే కాబట్టి ముందు అది తీరుద్దాం. మిగతావాళ్ళను నేను గడువు అడుగుతాను."

"మరి పెళ్ళిళ్ళు లేని నెలల్లో?"

"బ్యాండు ఉండదు. పని ఉంటుంది కదా!"

గిలకలకు వచ్చిన కూలీకి రూతమ్మ బట్టలు కుట్టి దాచిన డబ్బు కలిపి ట్రంపెట్‌ను విడిపించారు. భాద్రపదం రాగానే పరంజ్యోతి ధాన్యం మిల్లులో బస్తాలు కుట్టడానికి వెళ్ళాడు. మొదటి వారం దబ్బనం గుచ్చుకుని వేళ్ళన్నీ వాచాయి. విందులు ఆగిపోయాయి. "జ్యోతి పిసినారి అయిపోయాడు" అన్నారు చుట్టాలు. ఆ మాట అతనికి కష్టంగానే ఉండేది. అయినా నెలకు రెండు వేలు తప్పకుండా కట్టాడు. రెండేళ్ళకు అన్ని బాకీలూ తీరాయి.

"ఇక ఆ రెండు వేలు పెట్టి వాయిదాల మీద కొత్త ట్రంపెట్ కొంటాను" అన్నాడు సంతోషంగా.

"కొనుక్కో. కానీ రాఘవులు గారికి కట్టినట్టే ముందు మనకి మనం కట్టుకుందాం. ఆరు నెలల తిండికి సరిపడా చేరాక కొనుక్కుందువు గానీ" అంది రూతమ్మ.

అతని ముఖం చిన్నబోయింది. అయినా సరేనన్నాడు. నెలనెలా పోస్టాఫీసులో డబ్బు వేయసాగారు.

ఏడాదిన్నర గడిచింది. ఆరు నెలల తిండికి సరిపడా ఇంకా చేరలేదు. గుంటూరులో ఒక ముసలి కళాకారుడు తన ట్రంపెట్‌ను సగం ధరకు అమ్ముతున్నాడని తెలిసి పరంజ్యోతి వెళ్ళి ఊది చూశాడు. అంత తేటగా పలికే వాద్యాన్ని అతను ఎన్నడూ పట్టుకోలేదు. మర్నాడు పోస్టాఫీసుకు వెళ్ళి, డబ్బు తీయడానికి ఫారం నింపి వరసలో నిలబడ్డాడు. ముందు ఇద్దరే ఉన్నారు. క్యాలెండరు కాగితం వెనక రూతమ్మ వేసిన కూడిక అతనికి గుర్తొచ్చింది. ఫారం మడిచి జేబులో పెట్టుకుని, బరువుగా ఇంటికి వచ్చేశాడు.

పుష్యమాసంలో ఒక ఉదయం మిల్లుకు వెళ్తుంటే మంచులో గుంత కనపడక సైకిలు బోల్తా పడింది. పరంజ్యోతి ముందు పళ్ళు రెండు విరిగాయి. పెదవి చీలింది. "నాలుగు నెలలు ఏదీ ఊదకూడదు" అన్నాడు డాక్టరు. అవతల మాఘమాసపు పెళ్ళిళ్ళు వరసగా ఉన్నాయి. రూతమ్మ పోస్టాఫీసు నుంచి డబ్బు తెచ్చి ఆస్పత్రిలో కట్టింది. ఇంటికి బియ్యం, పప్పు తెచ్చింది.

నాలుగు రోజులకు రాఘవులు పరామర్శకు వచ్చాడు. "మొహమాటపడకు జ్యోతీ. ఎంత కావాలో చెప్పు. రేపే పంపిస్తాను" అన్నాడు.

"కూర్చోండి రాఘవులు గారూ, టీ తాగి వెళ్దురు గానీ" అన్నాడు పరంజ్యోతి, కట్టు మీద చెయ్యి పెట్టుకుని. "డబ్బు అక్కర్లేదండీ. మా దగ్గర ఉంది."

ఆ మాట అంటుంటే పెదవి నొప్పి పెట్టింది. కానీ గుండెలో ఏ బెదురూ లేదు. ఇలాంటి రోజున ఇంత నిమ్మళంగా ఉండగలనని అతను కలలో కూడా అనుకోలేదు.

వైశాఖం నాటికి కొత్త పళ్ళు కట్టించుకుని, నెమ్మదిగా సాధన చేసి, పరంజ్యోతి మళ్ళీ బ్యాండుకు ముందు నిలబడ్డాడు. పోస్టాఫీసులో ఐదు వేలే మిగిలాయి. మొదటి పెళ్ళి డబ్బు చేతికి రాగానే రూతమ్మ అడగకముందే అందులో కొంత తీసి ఆమెకు ఇచ్చాడు.

నీతి: అప్పు తీర్చడంతో సగం పనే అవుతుంది, ఆపద వచ్చిన రోజున మళ్ళీ చేయి చాచకుండా ఉండేలా, రాబడి ఉన్నప్పుడే కొంత దాచుకుంటేనే ఆ పని పూర్తవుతుంది.